సౌదీ వరస

ఆవిడ పోయిందన్న కబురు వచ్చిన వారంలోపలే ఆవిడ గురించి నాకు తెలియని సంగతులు చాలా విన్నాను. వాటిలో ఖాయమైనవి ఏవో, విన్నమాటలు ఏవో ముందే విడదీయకపోతే రాసే నాకూ, చదివే మీకూ చివరికి ఒక కల్పిత స్త్రీ మిగులుతుంది. అది ఆవిడకు ఎంతమాత్రం నచ్చేది కాదు.

ఖాయమైనవి కొన్నే. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టింది. కంప్యూటర్ చదువు చదివింది. తొంభైల చివర్లో, హుస్సేనీ ఆలంలో ఒక పాత మేడ మీద వెబ్ పేజీలు తయారుచేసే చిన్న ఆఫీసు మొదలైనప్పుడు అందులో చేరి, అది మూతపడేదాకా అక్కడే ఉంది. పేజీల్లో తప్పులు పట్టుకోవడం ఆవిడ పని. తయారైన పేజీని గడప దాటించే ముందు సరిచూడటం నా పని. ఒకే ఫ్యాను కింద, పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నాం కాబట్టి ఇక్కడ రాసేదాంట్లో ఎక్కువ భాగం నేను కళ్లతో చూసిందే. చూడనిచోట చూడలేదనే రాస్తాను.

ఇక విన్నవి. పేజీని చూడకుండానే, ఫోనులోనే తప్పు ఎక్కడుందో చెప్పేసేదని ఒక కథ. దీనికి ఆధారమైన సందర్భంలో నేను అక్కడే ఉన్నాను. ఆవిడ ఏమీ చెప్పలేదు; అడిగింది. ఏం నొక్కారు, ఏం కనబడింది, ఏం కనబడాలనుకున్నారు, అదే పని పక్క కంప్యూటర్లో చేస్తే ఏమైంది అని వరసగా అడుగుతూ పోతే అవతలి మనిషికి తప్పు తనంతట తనకే దొరికింది. అన్నదమ్ములు గంజ్‌లోని దుకాణంలో కూర్చోనివ్వనందుకు పంతం కొద్దీ ఈ పనిలోకి వచ్చిందని ఇంకో కథ. దీన్ని రెండు రకాలుగా, ఒకదానికొకటి పొసగని విధంగా విన్నాను కనుక రెండూ పక్కన పెడుతున్నాను. ఎన్నడూ పొరపడలేదన్నది మూడో కథ. అది అబద్ధం, నిరూపించగలను.

ఆ రోజుల్లో బ్రౌజర్‌లో ఇప్పుడున్న పనిముట్లు లేవు. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ ఏ వాక్యం దగ్గర కూలిందో తెలుసుకోవాలంటే, అక్కడక్కడ ఒక చిన్న సందేశపు పెట్టెను పుట్టించే వాక్యం ఇరికించేవాళ్లం. పెట్టె తెరమీదికి వస్తే ప్రోగ్రాం అక్కడిదాకా బతికి వచ్చిందని అర్థం. మేమంతా ఆ పెట్టెల్లో ఒకటి, రెండు అని అంకెలు వేసేవాళ్లం. ఆవిడ మాత్రం మాటలు రాసేది. పని అయిపోయాక వాటిని తీసేయాలి. ఒక బెల్లం వ్యాపారి పేజీలో ఒకటి మిగిలిపోయింది. ఆ పేజీ తెరిచిన ప్రతి మనిషికీ ముందుగా ఒక పెట్టె వచ్చి, "ఇక్కడిదాంక మంచిగనే ఉన్నం" అని ఇంగ్లీషు అక్షరాల్లో పలకరించేది. నేనూ పట్టుకోలేదు. వ్యాపారి ఫోను చేస్తే తీసేస్తామని చెప్పాం. ఆయన వద్దన్నాడు. దుకాణం క్షేమంగా ఉందని వచ్చినవాళ్లకు చెప్పడం మంచి పద్ధతే కదా, ఎవరు రాశారోగాని బుద్ధిమంతులని మెచ్చుకున్నాడు. ఆ పెట్టె ఇంకా చాలాకాలం అక్కడే ఉంది. దాని ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఆవిడ పెన్ను మూతతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి మాట మార్చేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు బ్రౌజర్‌కు తగిలించుకునే ఒక పనిముట్టు వచ్చింది. పేజీ కింద ఒక అర తెరుచుకుంటుంది. అందులో ఒకవైపు పేజీ ఎముకల గూడు, ఇంకోవైపు రంగులు, కొలతలు. ఏది మార్చినా పైన పేజీలో అప్పటికప్పుడే కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, నడుస్తున్న ప్రోగ్రామును కోరిన వాక్యం దగ్గర పట్టి నిలబెట్టి, ఆ క్షణంలో దాని చేతిలో ఏ విలువ ఉందో చూడవచ్చు. మిగతావాళ్లు దాన్ని ఒక సౌకర్యం అనుకున్నారు. ఆవిడ మాత్రం తన అసలు స్వభావానికి తగిన ఆయుధం ఇన్నాళ్లకు చేతికొచ్చినట్టు కూర్చుంది.

ఆవిడ దాన్ని వాడే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. పేజీలో ఒక భాగం పక్కకు జరిగిపోయిందని ఎవరైనా వస్తే ముందు తెర ఆపేసేది. "మాటల్ల చెప్పు. తెర కనవడుతుంటె నువ్వు వేలు చూపిస్తవు, చెప్పుడు బంద్ చేస్తవు" అనేది. విన్నాక తెర వెలిగించి, అనుమానం ఉన్న భాగానికి కళ్లు చెదిరే గులాబీ రంగు పూసేది, దాని సరిహద్దులు నిజంగా ఎక్కడిదాకా ఉన్నాయో తెలియడానికి. అప్పటికీ దొరక్కపోతే పేజీలోని భాగాలను ఒక్కొక్కటిగా తొలగించేది. పెళ్లింట్లో గొడవైతే చుట్టాలను ఒక్కొక్కరినే ఇంటికి సాగనంపి, ఎవరు పోయాక లొల్లి ఆగిందో చూసుకోవడమేనని కొత్తగా చేరినవాళ్లకు నేర్పేది. ఈ పద్ధతిలో తర్కం లోపం లేనిది. ఇద్దరు చుట్టాలు కలిస్తేనే గొడవ పుట్టే సందర్భం ఉందని నేనొకసారి అభ్యంతరం చెప్పాను. ఒక్క నిమిషం ఆలోచించి ఒప్పుకుంది. ఆ తర్వాత ఆ పాఠంలో బావామరదులు కూడా చేరారు.

'అనుకుంటాను' అనే మాటను ఆవిడ సహించేది కాదు. నేను గుంటూరు జిల్లావాణ్ని, పైగా కొన్నాళ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కనుక నన్ను 'సారూ' అనేది. అందులో మర్యాద ఎంత, ఎకసెక్కం ఎంత అన్నది తూచలేను. "సారూ, మీ దిక్కు మనుషులు 'అనుకుంటానండీ' అని ఒక మెత్త వేసుకొని కూసుంటరు. చూసిన్రా, చూడలేదా, గది చెప్పున్రి." చూశానంటే ఏ కంప్యూటర్‌లో చూశానని అడిగేది. మిర్చి బస్తాను మూతి దగ్గర చూసి కొన్నవాడు మునుగుతాడని, ఇనుప గొట్టం గుచ్చి నడిమధ్య సరుకు తీసి చూడాలని వాళ్ల నాయన చెప్పేవాడట. ఇది ఆవిడ నోటనే విన్నాను, కాబట్టి చెప్పిందన్నంతవరకు ఖాయం.

ఆ పనిముట్టుతో చేసిన మార్పు ఏదీ నిలవదు. పేజీని మళ్లీ తెరిస్తే అంతా యథాస్థితికి వస్తుంది. మన కంప్యూటర్లోని ప్రతిని గీకుతాం, అసలు పేజీ ఎక్కడో భద్రంగా ఉంటుంది. ఇది మా దగ్గరికి వచ్చే వ్యాపారులకు ఎక్కేది కాదు. ఒకసారి గాజుల దుకాణం ఆయన వచ్చి పక్కన కూర్చున్న సమయంలో ఆవిడ ఏదో వెతుకుతూ దుకాణం పేరున్న పట్టీని తీసేసింది. ఆయన ముఖం పాలిపోయింది. తాతల నాటి పేరమ్మా, గిట్ల తుడిచేసినవేంది అని లేచి నిలబడ్డాడు. పేజీ మళ్లీ తెరిచి పేరు చూపించింది. ఆయన ఊపిరి పీల్చుకొని, కాసేపు ఆలోచించి, ఎదుటి దుకాణంవాడి పేజీలో కూడా ఇలా చేయవచ్చా అని గొంతు తగ్గించి అడిగాడు. ఆవిడ ఆ పేజీ తెరిచి, ఆయన కళ్లముందే ఆ పేరు తీసేసింది. ఆయన ఆనందం పట్టలేక ఇంటికి ఫోను చేసి కొడుకును చూడమన్నాడు. అక్కడ ఆ పేరు చెక్కుచెదరకుండా ఉంది. "నీ కండ్లకు మాత్రం లేదు, సేఠ్. ఈ కుర్సీల కూసున్నంతసేపు నీకు పోటీ లేదు, ఫికర్ చెయ్యకు" అని చాయ్ తెప్పించింది.

ఇదంతా ఆవిడ తీరు. ఆవిడ ఏమిటో తెలిసింది మాత్రం ఒక నర్సింగ్ కళాశాల దరఖాస్తుల వ్యవహారంలో.

ఆ కళాశాల ప్రవేశ దరఖాస్తులను మొదటిసారి ఇంటర్నెట్‌లో తీసుకోవాలనుకుని ఆ పేజీ పని మాకిచ్చింది. చివరి రోజు సాయంత్రం ఐదు గంటలతో గడువు ముగుస్తుంది, ఆపైన 'పంపు' అనే మీట పనిచేయదు. పేజీ రాసినవాడు ఖదీర్. జహనుమా బస్తీ కుర్రాడు, కొత్తగా పెళ్లయింది, ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. చురుకైనవాడు, తొందర మనిషి. నేను పేజీని సరిచూశాను. మా ఆఫీసు కంప్యూటర్లలో ఐదు దాటగానే మీట చక్కగా మూసుకుపోయింది.

గడువు ముగిసిన కొద్దిరోజులకు కళాశాలకు ఒక ఫిర్యాదు అందింది. ఐదు దాటిన పది నిమిషాలకు తన కూతురికి మీట మూసుకుపోయిందని, జహనుమాలో మాత్రం చీకటి పడేదాకా దరఖాస్తులు వెళ్లాయని ఒక తండ్రి రాశాడు. కళాశాలవాళ్లు సర్వర్ లెక్కలు తెప్పించుకున్నారు. ప్రతి దరఖాస్తుకూ రెండు సమయాలు ఉన్నాయి. ఒకటి దరఖాస్తులోనే రాసి ఉన్నది, రెండోది సర్వర్‌కు చేరినప్పుడు సర్వరే వేసుకున్నది. చాలావాటిలో రెండూ ఒకటే. కొన్నింటిలో మాత్రం ఐదు లోపలే పంపినట్టు రాసి ఉంది, చేరింది ఐదు దాటాక. ఆ కొన్నీ జహనుమాలోని ఒకే ఇంటర్నెట్ సెంటర్ నుంచి వచ్చాయి. అన్నీ ఆడపిల్లలవి. వాళ్లలో ఒకతె ఖదీర్ భార్య చెల్లెలు.

ఇంతకన్నా సూటిగా ఎవరి మీదికైనా వేలు చూపగల సాక్ష్యం ఉంటుందా? తన బస్తీ పిల్లల దరఖాస్తులను గడువు దాటాక లోపలికి తోసి వెనకటి సమయం వేశాడని కళాశాల కార్యదర్శి తీర్మానించుకున్నాడు. పోలీసు ఫిర్యాదు చేయడానికి ముందు మా సంజాయిషీ అడిగాడు. మా యజమానిని అందరం భాయ్ అనేవాళ్లం. ఆయన ఖదీర్‌ను ముందు ఇంటికి పంపేద్దామని, తర్వాత మాట్లాడుకుందామని అన్నాడు. ఖదీర్ అప్పటికే ఆ సెంటర్‌కు వెళ్లి, పేజీ నకలుకు ఆ రోజు గడువు పెట్టి తెరిచి చూసివచ్చాడు. అక్కడ ఏ తప్పూ కనబడలేదు, మీట వేళకు మూసుకుంది. అది అతనికే ఎదురు సాక్ష్యమైంది.

ఆవిడ ఖదీర్‌ను అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ ఏ కుర్చీలో కూర్చున్నావని. వాకిలి పక్కన, మగవాళ్ల వైపు అని చెప్పాడు. లోపల పరదా ఉంది, దాని వెనక గోడవారగా ఆడవాళ్ల వరస, అటు మగవాళ్లు పోరు. మరి నర్సింగ్ దరఖాస్తు నింపిన పిల్లలు ఎటు కూర్చుంటారని ఆవిడ అడిగింది. మేమిద్దరం బస్తా మూతి మాత్రమే చూశాం.

ఆ మధ్యాహ్నమే పెన్‌డ్రైవ్‌లో ఆ పనిముట్టును వేసుకొని ముగ్గురం జహనుమా వెళ్లాం. ఆవిడ పరదా వెనక్కి వెళ్లింది. నేనూ ఖదీరూ ఇవతల నిలబడ్డాం. కనుక లోపల జరిగింది నేను చూడలేదు, విన్నాను. పేజీ నకలును తెరిచింది, గడువు చూసే వాక్యం దగ్గర ప్రోగ్రామును నిలబెట్టింది. తర్వాత పరదా పక్కకు తొలగించకుండానే అడిగింది.

"సారూ, మీ గడియారంల ఎంతయ్యింది?"

నాలుగున్నర అన్నాను.

"ఈ పేజీ రెండు అంటున్నది."

సెంటర్ నడిపే పెద్దమనిషికి ఇందులో వింత ఏమీ కనబడలేదు. ఆ వరస సౌదీ వరస అన్నాడు. అక్కడ కూర్చునే ఆడవాళ్లంతా చెవులకు హెడ్‌ఫోను పెట్టుకొని సౌదీలో ఉన్న భర్తలతో, తండ్రులతో మాట్లాడటానికే వస్తారు. "ఎనిమిదికి వస్తా అని ఆయన ఆడికెంచి అంటడు. ఏ ఎనిమిది? ఆడి ఎనిమిదా, ఈడి ఎనిమిదా? రోజు లొల్లి, రోజు ఏడుపు. గందుకే ఆ వరసకంత ఆడి టైం పెట్టిన. అప్పటికెంచి నిమ్మళంగ ఉన్నది."

పిల్లలు ఆ వరసలో కూర్చుని దరఖాస్తు నింపారు. ఖదీర్ రాసిన వాక్యం గడువు ముగిసిందా అని కంప్యూటర్ గడియారాన్నే అడిగింది, దరఖాస్తు మీద వేసే సమయాన్నీ దాని నుంచే తీసుకుంది. మన సాయంత్రం ఐదు సౌదీలో మధ్యాహ్నం రెండున్నర. ఆ పేజీకి ఇంకా ఎంతో పొద్దుంది. ఆ వరసలో సౌదీ టైం ఉందన్న సంగతి ఖదీర్ భార్యకు తెలుసు, ఆ వీధిలో ప్రతి ఇంటి ఆడవాళ్లకూ తెలుసు. "ఇంట్ల ఒక్కమాట అడిగితే అయిపోతుండె గద, ఖదీరూ" అని మాత్రం ఆవిడ పరదా వెనక నుంచి అంది.

ఖదీర్ ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆవిడ అప్పుడే లేవలేదు. వెంట తెచ్చుకున్న సర్వర్ లెక్కల ప్రకారం ప్రతి దరఖాస్తుకూ రెండు సమయాల మధ్య తేడా ఎంతో చూసింది. అన్నింటికీ రెండున్నర గంటలు సరిపోయాయి, ఒక్కదానికి తప్ప. ఆ ఒక్కదానికి తేడా ముప్పావుగంట లోపే. అది ఖదీర్ మరదలిది.

ఆ అమ్మాయి వరసలో చోటు లేక చివరన వేరుగా ఉన్న కంప్యూటర్ దగ్గర కూర్చుందని పెద్దమనిషి గుర్తు చేసుకున్నాడు. దానికి సౌదీ టైం లేదు. మరి దాని గడియారం వెనకబడి ఉండేదా అంటే, ఉండేదేమో అన్నాడు. లోపలి బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఆపినప్పుడల్లా గడియారం వెనకబడటం సాధారణమే. ఆవిడ వెళ్లి ఆ గడియారం చూసింది. సరిగ్గా ఉంది. బ్యాటరీ కొత్తది, ఈమధ్యనే మార్చారట.

"ఎవరు మార్చిన్రు?"

"ఇంకెవరు, మన ఖదీర్ భాయే. మాకు ఏం ఖరాబైనా పరదా ఇవతలికి తెచ్చిస్తే ఆయనే చూస్తడు."

ఎప్పుడు మార్చాడన్నది, ఫిర్యాదుకు ముందా వెనకనా అన్నది, పెద్దమనిషి చెప్పలేకపోయాడు. ముందే అని ఖదీర్ అన్నాడు. ఆవిడ తల ఊపింది. ఆ ఊపడం ఒప్పుకోలు కాదు, విన్నానని చెప్పడం మాత్రమే. ఆవిడ పక్కన ఏళ్లు కూర్చున్నవాడికి ఆ తేడా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో భాయ్ తన సలహా చెప్పాడు. ఇన్నింటికి కారణం దొరికింది, ఆ ఒక్కదాన్నీ అందులోనే కలిపేస్తే ఎవరు అడుగుతారు? నిజానికి ఎవరూ అడిగేవారు కాదు. కార్యదర్శికి కంప్యూటర్ల సంగతి అంతగా తెలియదు. అన్నీ గడియారాల తప్పే అంటే అబద్ధం కూడా కాకపోవచ్చు. ఖదీర్ ఏ మాటా దాచుకోకుండా అడిగాడు.

"అక్కా, అదిగూడ గిట్లనే అయ్యిందని ఒక్కమాట చెప్పరాదూ. నా నౌకరి నీ నోట్ల ఉన్నది."

"చూసింది చెప్త. చూడంది చూడలే అని చెప్త. గంతకు మించి నా నోట్ల ఏం లేదు."

కళాశాలలో కార్యదర్శి గదికి నలుగురం వెళ్లాం. ఆవిడ కార్యదర్శి బల్ల మీది కంప్యూటర్‌నే అడిగి తీసుకుంది. గడువు కాసేపటి క్రితమే ముగిసినట్టు మార్చిన పేజీ నకలును తెరిచింది. మీట మూసి ఉంది. ఆయన కళ్లముందే ఆ కంప్యూటర్‌కు సౌదీ టైం పెట్టి, పేజీ మళ్లీ తెరిచింది, మీట తెరుచుకుంది. పనిముట్టు తీసి ప్రోగ్రామును నిలబెట్టి, అది ఎంత సమయం అనుకుంటున్నదో ఆయనచేతనే చదివించింది. తర్వాత చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ ఒక పాఠంలా అనిపిస్తాయి. గిట్ల కావొచ్చని ఇప్పుడు చూపించాను, కావొచ్చు అన్నంత మాత్రాన అయిందని కాదు. అయిందని చెప్పేది ఈ తేడాలు, ఇన్నింటిలోనూ ఒకే రెండున్నర గంటలు ఉండటం. పేజీ గడువు చూడాల్సింది సర్వర్ గడియారంలో, పిల్లల ముందున్న గడియారంలో కాదు, ఆ తప్పు మాది. అంతా చెప్పి, గుక్క తిప్పుకోకుండా, ఒక్కదాని సంగతి తెలియదని కూడా చెప్పింది.

భాయ్ కళ్లు మూసుకున్నాడు.

కార్యదర్శి ఎందుకు తెలియదని అడిగాడు. ఆ కంప్యూటర్ గడియారం ఇప్పుడు సరిగ్గా ఉందని, ముందు వెనకబడి ఉండవచ్చని, బ్యాటరీ మారింది కనుక చూడటానికి ఏమీ మిగల్లేదని చెప్పింది. ఎవరు మార్చారని ఆయన అడిగాడు. నేను ఖదీర్ వైపు చూడలేదు.

"ఖదీరే మార్చిండు, సార్. ఫిర్యాదుకు ముందే అంటున్నడు. అదిగూడ నేను చూడలే."

"ఏమ్మా, ఇతను చేశాడని మీరు నమ్ముతున్నారా, లేదా? అది చెప్పండి చాలు" అన్నాడు కార్యదర్శి.

"నమ్ముడు నా పని గాదు, సార్. నేను ఆ పిల్లగాన్ని నమ్మినంత మాత్రాన మంచోడు గాడు, నమ్మకపోతే చెడ్డోడు గాడు. ఇన్నిట్ల ఆయన చెయ్యి లేదు, చూపించిన. ఒక్కదాంట్ల ఉన్నదో లేదో ఎవ్వరం చూపించలేం. చూపించలేందానికి నౌకరి తీస్తరా, ఉంచుతరా అనేది మీ న్యాయం."

ఆయన ఖదీర్‌ను తీయిస్తాడనే నేను అనుకున్నాను. నా అంచనా తప్పింది. పోలీసు ఫిర్యాదు ఉండదన్నాడు, మనిషిని మార్చమని కూడా అడగలేదు. దరఖాస్తులను సర్వర్ గడియారంతో ఇంకొక రోజు అందరికీ తెరవమన్నాడు. మీట మూసుకుపోయిన పిల్లలూ, జహనుమా పిల్లలూ, ఖదీర్ మరదలూ ఆ రోజు మళ్లీ నింపారు. ఆయన మనసు ఎందుకు మారిందో ఎక్కడా రాసి లేదు. ఆవిడ నిజాయితీ ఆయనను కదిలించిందని భాయ్ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. అది భాయ్ ఊహ. పోలీసుల దాకా పోతే కళాశాల పేరు కూడా బయటపడుతుందని ఆయన భయపడి ఉండవచ్చు, అది నా ఊహ. రెండింటికీ సాక్ష్యం సమానం, అంటే సున్న.

తిరిగివస్తూ ఆటోలో ఆవిడ, ఖదీర్, నేను ఉన్నాం. భాయ్ స్కూటర్ మీద ముందే వెళ్లిపోయాడు. ఉద్యోగం నిలిచిన మనిషిలో ఉండాల్సిన సంతోషం ఖదీర్‌లో లేదు. చాలా దూరం రోడ్డుకేసి చూస్తూ కూర్చుని, మదీనా చౌరస్తా దగ్గర బండ్ల మధ్య ఆటో ఆగిపోయినప్పుడు తిరిగాడు.

"ఇన్ని అడిగినవ్ అక్కా. సెంటరాయన్ను అడిగినవ్, సార్‌ను అడిగినవ్, ఆ కంప్యూటర్‌ను అడిగినవ్. నువ్వు చేసినవా ఖదీరూ అని నన్ను ఒక్కసారన్న అడగలే."

ఆవిడ ఒడిలోని సంచీ సర్దుకుంది.

"అడిగితే ఏమంటవు? లేదంటవు. చెయ్యకపోతే లేదంటవు, చేసినా లేదంటవు. రెండుదిక్కుల ఒక్కతీరే వచ్చే జవాబు తీసుకొని నేనేం చేసుకోవాలె?"

ఖదీర్ ముఖం అటు తిప్పుకున్నాడు. ఆటో కదిలింది. ఆవిడ అదే గొంతుతో, రేపు జల్ది రమ్మని చెప్పింది. గడువు చూసే వాక్యం సర్వర్‌లో రాయాలి, కళాశాలవాళ్లకు రెండు రోజుల్లో కావాలి.

"ఎవరు రాస్తరు?" అన్నాడు అటే చూస్తూ.

"ఎవరు రాస్తరేంది. నీ పేజీ. నువ్వే రాయాలె."

మర్నాడు నేను వెళ్లేసరికి ఇద్దరూ అప్పటికే కూర్చుని ఉన్నారు. అతను రాస్తున్నాడు. ఆవిడ అతని భుజం మీదుగా చూడటం లేదు, తన బల్ల దగ్గర ఏదో ఇంకో పేజీకి గులాబీ రంగు పూస్తున్నది. అతను రాసింది నేను సరిచూశాను. తప్పు లేదు.

ఆఫీసు మూతపడేదాకా ఖదీర్ అక్కడే పనిచేశాడు, ఆవిడను అక్కా అనే పిలిచాడు. అతని పనిలో మళ్లీ అలాంటి అనుమానానికి తావిచ్చేది నాకు ఏదీ కనబడలేదు. ఇది పాత ప్రశ్నకు జవాబు కాదని తెలిసే రాస్తున్నాను. ఆవిడ ఆ పేజీని అతనికే ఇవ్వడంలో ఆవిడ ఏ నిర్ణయానికి వచ్చిందో తెలుస్తుందని మా వాళ్లు ఇప్పుడు అంటున్నారు. నేను అలా అనను. తెలియనిదాన్ని తెలియనిదిగానే ఉంచి, దాని పక్కనే కూర్చుని మనిషితో మామూలుగా పనిచేయగల శక్తి ఆవిడకు ఉండేది. నేను కలిసిన శాస్త్రవేత్తల్లో కూడా అది అందరికీ లేదు.

కనుక ఒక ప్రశ్న మిగిలింది. ఆ సాయంత్రం, ఆ చివరి కంప్యూటర్ గడియారం తనంతట తాను వెనకబడి ఉందా, లేక ఎవరైనా వెనక్కి తిప్పారా? కొత్త బ్యాటరీ వేసి టైం సరిచేసిన క్షణంలో ఆ గడియారపు పాత స్థితి పూర్తిగా చెరిగిపోయింది, దాన్ని తిరిగి చూపగల పనిముట్టు ఏదీ లేదు. సంగతి తెలిసి ఉండగల మనిషి బతికే ఉన్నాడు, అప్పుడప్పుడు నాతో ఫోనులో మాట్లాడతాడు. అతన్ని నేను అడగలేదు. అడిగితే ఏమంటాడో నాకు తెలుసు.